కల్వకుర్తి సీమయందు స్వాభిప్రాయ ప్రకటన చరిత్రము

హైదరాబాదు రాష్ట్రమందలి తెలుగువారి చరిత్రమును వ్రాయువారు సాధారణముగా సభలను, అధ్యక్షులను, తీర్మానములను వరుసగా పేర్కొనుచుందురు. ఏ గ్రంథాలయ మెన్నడు వెలసెనో, ఏ పత్రిక నెవరు స్థాపించిరో చెప్పుదురు. ఇవి యన్నియు నవశ్యము తెలిసికొనదగినవే. కాని వీని నడుమ నొక ప్రశ్న మరుగుపడిపోవుచున్నది. నిన్న జరిగిన రాజకీయ విషయమును గూర్చి, నేడు వెలువడిన ప్రభుత్వాజ్ఞను గూర్చి, యొక మనుష్యుడు తనకు తోచిన యభిప్రాయమును తన పేరుతో నచ్చు వేయించుట మన ప్రాంతమున నెట్లు సాధ్యమయ్యెను? అందులకై యెవ్వ రేమి చెల్లింపవలసి వచ్చెను? ప్రతివాడును చేతియందలి ఫోనులో లోకవార్తలన్నిటిపై తీర్పులు చెప్పుచున్న యీ దినములలో నిట్టి ప్రశ్న వింతగా దోపవచ్చును. నూరేండ్ల క్రిందట నది వింత ప్రశ్న కాదు. మిక్కిలి భయముతో నడుగదగిన ప్రశ్న.

ఈ వ్యాసమునకు కల్వకుర్తి తాలూకాను నేరుకొనుటకు కారణము కలదు. పాలమూరు జిల్లాకు తూర్పుభాగమున, హైదరాబాదునుండి శ్రీశైలమునకు బోవు త్రోవలో నున్న యీ సీమ మెట్టభూముల సీమ. దిండి యని కూడ పిలువబడు దుందుభి యీ ప్రాంతమున బారుచున్నను, వానకాలము దాటినచో దానియందు నీటికన్న నిసుకయే యెక్కువ. జొన్నయు, వేరుసెనగయు, ప్రత్తియు వానను నమ్ముకొని పండవలసినవే. వాన లేని యేట జనులు మూటలు గట్టుకొని దూరదేశములకు మట్టిపనికి బోవుదురు. ఇట్టి చోట పత్రికలు పుట్టునని యెవరు తలంతురు? పత్రికలు పుట్టలేదు కూడ. పత్రికలను బుట్టించిన మనుష్యులు పుట్టిరి.

అందొకరు బూర్గుల రామకృష్ణారావుగారు. వీరు 1899వ సంవత్సరము మార్చి 13వ తేదీన పడకల్ గ్రామమున జన్మించిరి. రెండవవారు మందుముల నరసింగరావుగారు. వీరి కుటుంబము తలకొండపల్లికి జెందినది. పడకల్ తలకొండపల్లికి సమీప గ్రామము. రెండును కల్వకుర్తి తాలూకాలోనివే. 2016లో జిల్లాలను విభజించినపుడు కల్వకుర్తి పట్టణము నాగర్‌కర్నూలు జిల్లాలో జేరగా, తలకొండపల్లి, ఆమనగల్లు, మాడుగుల ప్రాంతములు రంగారెడ్డి జిల్లాలో గలిసినవి. కావున పాత తాలూకా చరిత్రమును విచారించువా డిపుడు రెండు జిల్లాల కచ్చేరీలకు దిరుగవలసియున్నది. చరిత్రము జిల్లాలను లెక్కచేయదు గదా యని యూరకుంటిమి.

మొదట నాటి పరిస్థితిని గొంత చెప్పవలెను. 1921 నవంబరులో హైదరాబాదున సంఘసంస్కారసభ జరిగెను. అధ్యక్షులు కార్వే పండితులు. ఆ సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ నారంభింపగా గొందరు చప్పట్లు గొట్టి యెగతాళి చేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెనని యందరు నెరుగుదురు. ఇందు మనము గమనింపవలసిన దొకటి కలదు. నాడు జరిగిన రచ్చ వారు చెప్పదలచిన యభిప్రాయమును గూర్చినది కాదు. చెప్పిన భాషను గూర్చినది. అభిప్రాయము చర్చకు వచ్చులోపలనే నోటికి మూత పడినది.

భాషకు వచ్చిన చిక్కు సభలోనివారివలన వచ్చినది. రెండవ చిక్కు ప్రభుత్వమునుండి వచ్చెను. 1929 ప్రాంతమున వెలువడిన గస్తీ నిషాన్ 53 ప్రకారము సభ జరుపదలచినవారు ముందుగా సర్కారువారి యనుమతిని బొందవలెను. గస్తీ యనగా నధికారులకు ద్రిప్పి పంపబడు నుత్తరువు. దీనిని జనులు తిర్పన్ గస్తీ యని చెప్పుకొని భయపడుచుండిరి. ఆంధ్రమహాసభలకు గూడ రాజకీయములు చర్చింపబడవను షరతు మీదనే యనుమతి లభించుచుండెను. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారును, 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారును, 1937లో నిజామాబాదులో మందుముల నరసింగరావుగారును అధ్యక్షత వహించినది యిట్టి సభలకే. వెట్టిచాకిరి మాన్పవలెనని కోరుట రాజకీయము కాదట! ప్రజల భాషలో విద్య చెప్పవలె ననుట రాజకీయము కాదట! ఈ మాట నధికారులు నిజముగా నమ్మిరో, నమ్మినట్లు నటించిరో చెప్పుట కష్టము. సభవారు మాత్రము నమ్మలేదని తోచుచున్నది.

ఇట్టి నిర్బంధమున జిక్కిన యభిప్రాయము చచ్చిపోలేదు, వేషము మార్చుకొనెను. మొదటి వేషము చరిత్ర పరిశోధనము. 1922లో హైదరాబాదున నేర్పడి, పిమ్మట కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి పేరు దాల్చిన పరిశోధకమండలి యూరూర దిరిగి శాసనములను సేకరించెను. ఆదిరాజు వీరభద్రరావుగారు దానికై పడిన శ్రమ సామాన్యమైనది కాదు. ఓరుగంటి కాకతీయుల శాసనము తెలుగున నున్నదని యచ్చు వేయుటకు గస్తీ యడ్డము రాదు. ఒకనాటి రాజులు ప్రజల భాషలో దానములు వ్రాయించిరని చెప్పినచో, నేటి రాజు ప్రజల భాషను కచ్చేరీలోనికి రానీయడని విడిగా చెప్పవలసిన పనియేమి? 1934లో వెలువడిన గోల్కొండ కవుల సంచికయు నట్టిదే. తెలంగాణమున గవులు లేరని యొకరు వ్రాసిన మాటకు ప్రతాపరెడ్డిగారు వాదముతో బదులీయలేదు. 354 మంది కవులను బ్రోగుచేసి యచ్చు వేసిరి. అభిప్రాయమునకు లెక్కతో జవాబు చెప్పిన గ్రంథములు మనలో నంత యెక్కువగా లేవు.

రెండవ వేషము భాషది. ఇందు మన తలకొండపల్లివారి పని ముఖ్యమైనది. 1927లో మందుముల నరసింగరావుగారు రయ్యతు అను పత్రికను స్థాపించిరి. రయ్యతనగా సేద్యగాడు, ప్రజ. పేరు సేద్యగానిది, ఊరు తెలుగువారిది, భాష మాత్ర ముర్దూ. తెలుగు పత్రికను బెట్టక యుర్దూ పత్రికను బెట్టుట యేమని నేటి పాఠకుడు శంకింపవచ్చును. సర్కారు కచ్చేరీలలో, న్యాయస్థానములలో, విశ్వవిద్యాలయమున, నెల్లెడల నుర్దూయే రాజ్యమేలుచున్న కాలమది. తెలుగున వ్రాసినది పాలకుల చెవి జేరవలెనన్న ననువాదకుని దయ కావలెను. ఉర్దూలో వ్రాసినది మంత్రి స్వయముగా జదువును; మరునాడు కోపించును. రయ్యతు పెక్కుమారు లిట్టి కోపమునకు గురియై, నిలిచి, మరల వెలువడి, దినపత్రికగా బెరిగినది. తెలుగుభాషాభిమానులు నరసింగరావుగారి నంతగా దలంపకుండుట న్యాయము కాదని మా యభిప్రాయము. ప్రజాపక్షమున నుర్దూలో వ్రాయుటచే వారు మరియొక మేలును గూడ చేసిరి. హైదరాబాదులోని పోరాటము రెండు మతముల తగవుకాదు, పాలకునికిని పాలితునికిని నడుమ తగవని చూపిరి. దీని ఫలము ముందు జూతము.

మూడవ వేషము గోల్కొండ పత్రికలో గనబడును. 1926 మే 10వ తేదీన హైదరాబాదునుండి బయలుదేరిన యీ ద్వైవారపత్రికను నడిపిన ప్రతాపరెడ్డిగారును పాలమూరు జిల్లావారే. తుంగభద్రాతీరమందలి పడమటి భాగమువారు. పాలమూరు జిల్లా కంతకుముందే పత్రికల రుచి తెలియును. 1913లో బి. శ్రీనివాసశర్మగారు మహబూబునగరమునుండి హితబోధిని యను మాసపత్రికను నడిపిరి. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారి నీలగిరి పత్రిక వెలువడెను. కాని హితము బోధించుట వేరు, ఈ వారము జరిగిన యన్యాయమును గూర్చి తీర్పు చెప్పుట వేరు. రెండవ పనిని తెలుగున నెక్కువకాలము, నెక్కువ పట్టుదలతో చేసినది గోల్కొండ పత్రికయే. ఊళ్లలోని దొరల దౌర్జన్యములు, ఉద్యోగుల లంచములు, వెట్టిచాకిరి దానియందు కెక్కెను. అబిసీనియాపై నిటలీ దండెత్తుట తప్పని వ్రాయువాని నెవ్వరు నేమియు ననరు. మన తాలూకా తహశీలుదారుడు చేసినది తప్పని వ్రాయువానికే పరీక్ష. లోకవార్తలపై నభిప్రాయము ధైర్యముగా జెప్పి, యింటివార్తపై మౌనము వహించు పత్రికలు నాడును గలవు, నేడును గలవు.

ఒకానొక దశలో ప్రభుత్వము గోల్కొండ పత్రికకు నొక నిబంధన విధించెను. సంపాదకీయము వ్రాయవలెనన్న ముందుగా సమాచారశాఖవారికి జూపి యనుమతి బొందవలెను. ఈ యాజ్ఞను మీరినచో పత్రిక పోవును. పాటించినచో మానము పోవును. ప్రతాపరెడ్డిగారు రెండింటిని వదలిరి. సంపాదకీయము వ్రాయుట మానివేసి, యా స్థలమున లోకమందలి మహామేధావుల సూక్తులను గూర్చి ప్రకటించుట మొదలిడిరి. స్వేచ్ఛను గూర్చి, న్యాయమును గూర్చి, పాలకుల ధర్మమును గూర్చి యన్యదేశపు బండితు డెప్పుడో చెప్పిన మాట యది. దాని కనుమతి యెందులకు? దానిని వలదన్నచో సర్కారు తన్ను దానే యందు బోల్చుకొన్నట్లగును.

ఈ యుపాయమును మెచ్చుకొనని వారుండరు. కాని దాని నష్టమును గూడ జెప్పక తప్పదు. పరుల మాట యెంత గొప్పదైనను నది తాలూకాలోని ఫలానా యూరిలో, ఫలానా దినమున, ఫలానా రైతుకు జరిగిన యన్యాయమును జెప్పజాలదు. సూక్తి యెల్లకాలమునకు వర్తించును. సంపాదకీయ మీదినమునకు వర్తించును. ప్రభుత్వము తీసికొనదలచినది యీదినమునే. సూక్తులను జదివి నవ్వుకొన్న పాఠకుడు ప్రతాపరెడ్డిగారి తెలివిని గుర్తించెను గాని, వారి యభిప్రాయమును మాత్రము గోల్పోయెను. కావున నీ ఘట్టమును విజయముగా వర్ణించువారితో మేమేకీభవింపజాలము. అది గౌరవముగల మౌనము. అంతకన్న నెక్కువ కాదు, తక్కువయు గాదు.

పరదేశపు సూక్తి యిచ్చిన మరుగును గూడ విడిచి, ఈదినమును గూర్చి నేరుగా వ్రాసినవారి కథ 1947లో నారంభమగుచున్నది. ఆ యేట రయ్యతు మూతబడెను. అందు పనిచేయుచుండిన యువకుడు షోయబుల్లాఖాను ఊరకుండలేదు. బూర్గుల రామకృష్ణారావుగారు మొదలగువారు తోడ్పడగా నవంబరు 15వ తేదీన ఇమ్రోజు అను నుర్దూ దినపత్రికను బయలుదేరదీసిరి. ఇమ్రోజనగా ఈదినము. పైన మనము జెప్పిన మాటకును ఈ పేరునకును గల సంబంధమును పాఠకులే గ్రహింతురు. తలకొండపల్లివారి పత్రికలో నేర్చిన కలము, పడకల్‌వారి తోడ్పాటు, ఓరుగల్లు జిల్లాలో బుట్టిన ముస్లిం యువకుని సాహసము, ఈ మూడును గూడి యా పత్రిక యయ్యెను. నరసింగరావుగా రుర్దూలో వ్రాయుటవలన గలిగిన ఫలమిదియే.

ఇమ్రోజు చెప్పిన యభిప్రాయము సూటియైనది. హైదరాబాదు భారతయూనియనులో జేరవలెను. రజాకార్ల దౌర్జన్య మాగవలెను. 1948 జనవరిలో షోయబుల్లాఖాను పగటి ప్రభుత్వము, రాత్రి ప్రభుత్వము అను శీర్షికతో సంపాదకీయము వ్రాసెను. పగలు నిజాము ప్రభుత్వము, రాత్రి రజాకార్ల ప్రభుత్వమని దాని భావము. ఇందు సూక్తి లేదు, శాసనము లేదు, పురాణకథ లేదు. ఉన్నదున్నట్లు నేటి వార్తపై నేటి తీర్పు. బెదరింపు లేఖలు వచ్చెను. ఆగస్టులో, యూనియనులో జేరుటయే మేలని యేడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను ఇమ్రోజు ప్రచురించెను. ఆ నెల 19వ తేదీన జమ్రూద్‌మహలులో జరిగిన సభలో కాసింరజ్వీ, రజాకార్లకు వ్యతిరేకముగా లేచు చేతులు నరకబడునని హెచ్చరించెను. 21వ తేదీ రాత్రి కార్యాలయమునుండి యింటికి నడచిపోవుచున్న షోయబుల్లాఖానుపై కాచిగూడ ప్రాంతమున దుండగులు పడి కాల్చి, చేతిని నరికిరి. తెల్లవారులోపల నతడు మరణించెను. అతనికి ఇరువదియెనిమిదవ యేడు నిండలేదు. వెంటనున్న బావమరిది ఇస్మాయిల్‌ఖాను గాయపడెను. నెల తిరుగకుండగనే, సెప్టెంబరు 17వ తేదీన, నిజాము లొంగిపోయెను.

హంతకులు చేతినే యేల నరికిరి? ప్రాణము దీయుటకు తుపాకి చాలును గదా! వ్రాసినది చేయి గనుక, వ్రాయదలచిన తక్కినవారు చూచి వెరవవలెనని యట్లు చేసిరనుటలో సందేహము లేదు. నిబంధనతో నారంభమైన కథ యిక్కడికి వచ్చినది. సమాచారశాఖ కాగితముపై చేసిన పనినే రజాకార్లు కత్తితో చేసిరి.

ఇంతటితో నీ కథను ముగించినచో చదువరులకు సంతుష్టి కలుగును. కాని చరిత్రము ముగియలేదు. 1952లో సార్వత్రిక యెన్నికలు జరిగి, బూర్గుల రామకృష్ణారావుగారు హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రులైరి. ఒకనాడు ప్రభుత్వము ననుమతి యడిగిన చేయి యనుమతి నిచ్చు చేయి యయ్యెను. ఆ సెప్టెంబరు నెలలోనే, స్థానికులు కానివారికి నుద్యోగము లిచ్చుచున్నారని హైదరాబాదు విద్యార్థులు వీధులలోనికి వచ్చిరి. పోలీసులు కాల్పులు జరిపిరి, ప్రాణములు పోయెను. దానిని విచారించుటకు న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారి సంఘము నియమింపబడెను. బూర్గులవారు సంస్కృతము, పారసీకము, ఉర్దూ, ఆంగ్లము మొదలగు భాషలందు నిష్ణాతులు; మృదుస్వభావులు; ఇమ్రోజుకు దోడ్పడినవారు. అట్టివారి పాలనలో నిది జరిగినదని చెప్పుట మాకు గష్టముగ నున్నది. అయినను జెప్పకుండుట ప్రతాపరెడ్డిగారికి విధింపబడిన నిబంధనను మనకు మనమే విధించుకొనుట యగును.

1955లో మరియొక సంగతి జరిగెను. తెలంగాణమును ఆంధ్రరాష్ట్రముతో గలుపుటను గూర్చి చర్చ జరుగుచుండగా బూర్గులవారు కాంగ్రెసు అధ్యక్షులైన ధేబరుగారికి నొక జాబు వ్రాసిరి. తెలంగాణ ప్రజలలో నెక్కువమంది విలీనమునకు వ్యతిరేకులని యందు దెలిపిరి. పిదప నధిష్ఠానవర్గము విలీనమునే నిర్ణయింపగా దాని నంగీకరించి, 1956లో ముఖ్యమంత్రిత్వమును విడిచి కేరళకు గవర్నరుగా బోయిరి. ఆ జాబు చాలకాలమునకు బిమ్మట తెలంగాణ ప్రత్యేకరాష్ట్రవాదుల కొక యాధారమయ్యెను. జాబులో జెప్పిన మాటను ఆనాడే సభలో జెప్పియుండిన నేమగునో యూహించుట చరిత్రకారుని పని కాదు. గస్తీ లేని దినములలో గూడ నాయకుని యభిప్రాయము కవరులోనే యుండవచ్చునని మాత్రము తెలియుచున్నది. ఇందులకు కారణము భయము కాదు, పక్షమునకు గట్టుబడుట. అది వేరొక విధమైన షరతు.

ఇమ్రోజు కథ జరిగిన యిరువదియేడేండ్లకు మరల నట్టి పరీక్ష వచ్చెను. ఈమారు దేశమంతటికిని. 1975 జూనులో నత్యవసర పరిస్థితి ప్రకటింపబడి, పత్రికలపై ముందుతనిఖీ విధింపబడెను. ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయ స్థలమును తెల్లగా విడిచి ప్రచురించెను. ఫైనాన్షియల్ ఎక్స్‌ప్రెస్ రవీంద్రుని పద్యమును ప్రకటించెను. రెండవది గోల్కొండ పత్రిక త్రొక్కిన త్రోవయే గదా! దానిని వారెరుగుదురో లేదో తెలియదు. నిర్బంధ మొకటియైనప్పుడు నుపాయము నొకటే యగుట సహజము. ఆనాడు కల్వకుర్తి శాసనసభ్యులు జైపాల్‌రెడ్డిగారు. మాడుగులకు జెందిన వీరు 1969 మొదలు 1984 వరకు నీ స్థానమునకు ప్రతినిధులు. పాలకపక్షమున నుండియు నత్యవసర పరిస్థితిని నిరసించి, పిదప నా పక్షమునే విడిచి జనతాపక్షమున జేరిరి. 1997లో కేంద్రమున సమాచార ప్రసార మంత్రులైనపుడు, 1990లో శాసనమై యేడేండ్లు మూలబడియున్న ప్రసారభారతి చట్టము నమలులోనికి దెచ్చిరి. దానివలన నాకాశవాణియు దూరదర్శనమును ప్రభుత్వశాఖ చేతినుండి యొక స్వతంత్రమండలి చేతికి వచ్చినవి. ఆ స్వాతంత్ర్యము పూర్ణమైనదని యెవరును ననజాలరు. నిధులును నియామకములును ప్రభుత్వముతో ముడిపడియే యున్నవి. అయినను ఒకనాడు సమాచారశాఖ యనుమతికై మన జిల్లా సంపాదకుడు నిలువవలసి వచ్చిన చోటనుండి చూచినచో, కల్వకుర్తివా రెన్నుకొనుచు వచ్చినవా డా శాఖకు మంత్రియై దాని యధికారమును గొంత విడిచిపెట్టుట చిన్న సంగతి కాదు.

ఇంతవరకు జెప్పిన దంతయు చదువరుల యభిప్రాయము. చదువు రాని వారి యభిప్రాయ మెక్కడ నున్నది? దానికి నొక తేదీ కలదు. 1989 నవంబరు శాసనసభ యెన్నికలలో ముఖ్యమంత్రియైన నందమూరి తారకరామారావుగారు హిందూపురముతోబాటు కల్వకుర్తినుండియు బోటీ చేసిరి. తెలుగుదేశమంతట దేవునివేషములలో జనుల హృదయములందు నిలిచిన నటుడు. పదవిలో నున్న ముఖ్యమంత్రి. కల్వకుర్తి వారాయనను 3,568 వోట్ల తేడాతో నోడించి, కాంగ్రెసు అభ్యర్థి చిత్తరంజన్‌దాసు నెన్నుకొనిరి. ఈ వార్త నాడు దేశమంతట వ్యాపించెను. కల్వకుర్తి పేరు వినని దూరదేశపు పత్రికలు గూడ నా పేరు నచ్చు వేసినవి.

కారణములను మాత్రము పైవా రెవరికి దోచినట్లు వారు వ్రాసిరి. నీరు రాలేదని కొందరు, అభ్యర్థి మా యూరివాడు కాడని కొందరు, రాష్ట్రమంతట వీచిన గాలియే యిక్కడను వీచెనని కొందరు. వోటు వేసినవారి నడిగి వ్రాసినది మేమంతగా జూడలేదు. రయ్యతు, ఇమ్రోజు, గోల్కొండ పత్రికల పాత సంచికలు తాలూకాలోని యిండ్లలో నెచ్చటనైన నటుకలపై మిగిలియున్నచో వానిని జెదలు పట్టకమునుపే చూచి, పట్టికలు వ్రాయవలెను. 1989లో బారులుదీరి వోటు వేసిన వృద్ధులు తలకొండపల్లి, వెల్దండ, ఆమనగల్లు గ్రామములలో నింకను పలువురు జీవించియున్నారు. వారు నాడేమి తలచి యట్లు చేసిరో వారి మాటలలోనే వ్రాసికొనుటకు వెళ్లదలచిన యువకులకు త్రోవ కష్టమైనది కాదు. హైదరాబాదునుండి శ్రీశైలము పోవు బస్సు కల్వకుర్తి మీదుగనే పోవును.